వైరస్ పోయినా తెరుచుకోని బ్రౌజర్: ఫార్మాట్ ఒక్కటే మందా?

ఊళ్లోని నెట్ సెంటర్ తలుపుకు ‘ఈ రోజు సిస్టం పనిచేయదు’ అన్న అట్టముక్క వేలాడితే ఎందరి పనులు ఆగిపోతాయో గ్రామస్థులకు చెప్పనక్కరలేదు. అడంగల్ నకలుకు వచ్చిన రైతు, గడువు ముగిసేలోగా దరఖాస్తు పంపవలసిన విద్యార్థి బస్సు చార్జీలు దండగ చేసుకుని తిరిగి పోవలసిందే.

ప్రింటు కోసం పదిమంది పది పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చే చోటికి వైరస్ రాక మానదు. విడ్డూరమేమంటే, యాంటీవైరస్‌తో దాన్ని తొలగించిన తరువాతనే చాలాసార్లు బ్రౌజర్ మొరాయిస్తుంది. అదే వైఫైతో సెల్‌ఫోన్ పనిచేస్తుంది, కంప్యూటర్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. మెకానిక్‌ను పిలిస్తే ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటాడు. ముందుగా నకలు తీసిపెట్టుకోకపోతే ఏళ్ల తరబడి దాచిన రసీదులు, దరఖాస్తులు దానితోపాటే పోతాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

కాలువకు అడ్డుకట్ట వేసి నీరు మళ్లించుకున్నవాడు ఊరు విడిచి పోయినా, ఆ కట్ట తీసేదాకా దిగువ చేలకు నీరు రాదు. ఇక్కడ జరిగేదీ అంతే. విండోస్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ కింద ‘ప్రాక్సీ’ అని ఉంటుంది. అక్కడ ప్రాక్సీ సర్వర్ ఆన్‌లో ఉండి, ఎదుట 127.0.0.1 అని కనిపిస్తే చాలావరకు గుట్టు దొరికినట్టే. ఆ అంకెలు ఆ కంప్యూటర్‌కు తన సొంత చిరునామా. బ్రౌజర్ అడిగిన ప్రతి పేజీ మొదట వైరస్ చేతిమీదుగా పోయేటట్టు చేసిన ఏర్పాటు అది. వైరస్ పోయింది, ఏర్పాటు మిగిలింది, ఇక జవాబు చెప్పే దిక్కు లేదు. దాన్ని ఆఫ్ చేస్తే పేజీలు తెరుచుకుంటాయి. (కొన్ని కార్యాలయాల్లో ప్రాక్సీని కావాలనే పెడతారు. అక్కడ అడగకుండా ముట్టరాదు.) ఫైర్‌ఫాక్స్ వాడేవారు దాని సొంత సెట్టింగ్ కూడా చూసుకోవాలి.

ప్రాక్సీ సవ్యంగా ఉంటే డీఎన్ఎస్ చిరునామా చూడాలి. ‘డీఎన్ఎస్ ఛేంజర్’ అనే వైరస్ 100కు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లకు సోకి ఈ చిరునామానే మార్చింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా గుట్టు రట్టు చేసింది. ముఠా సర్వర్ల స్థానంలో కొంతకాలం మంచి సర్వర్లు నడిపారు. 2012 జూలై 9న వాటిని ఆపగానే, అప్పటికీ సెట్టింగ్ సరిచేసుకోని కంప్యూటర్లకు నెట్ అందకుండా పోయింది. అక్కడా దొంగలు దొరికారు గాని కట్ట తీయనివారు మిగిలిపోయారు.

ఫార్మాట్ ఎన్నడూ వద్దని కాదు. ఆఫ్ చేసిన ప్రాక్సీ మళ్లీ దానంతటదే వచ్చి కూర్చుంటే వైరస్ ఇంకా లోపల ఉన్నదని అనుమానించాలి. అది పూర్తిగా తొలగేదాకా ఆ యంత్రం మీద బ్యాంకు పని చేయడం ఖాతాదారుని నిండా ముంచడమే. అసలు బ్యాంకు పేజీ అనుకుని నకిలీ పేజీలో పాస్‌వర్డు కొట్టే ప్రమాదం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వైరస్ తొలగించే సాధనాలను ఉచితంగానే ఇస్తోంది. ఆ సంగతి గ్రామాల దాకా చేరకపోవడం శోచనీయం.

సెంటర్లకు అనుమతులిచ్చే అధికారులు మండల కేంద్రంలో నిర్వాహకులకు ఒక పూట శిక్షణ ఏర్పాటు చేయాలి. పరీక్షల దరఖాస్తుల కాలం మొదలయ్యేలోగానే ఆ పని జరగాలి.