కూరకు రుచి యెక్కడినుండి వచ్చును?

“పిల్లలు కూర ముట్టుట లేదు, పచ్చడి కలుపుకొని లేచిపోవుచున్నారు” అను మాట పెక్కు యిండ్లలో వినబడుచుండును. అట్టిచోట మరికొంత కారమును, మరికొంత నూనెయు చేర్చుట పరిపాటి. కాని లోపము తరచుగా కారమునందు గాక, వస్తువులను వేసిన వరుసయందుండును.

చీరాలకు చేరువనున్న ఈపురుపాలెమువంటి నేతగ్రామములలో గృహిణికి వంటతోపాటు కండెలు చుట్టు పనియు నుండును. మగ్గము కండెకొరకు ఆగియుండగా, వంకాయముక్కలు, చింతపండురసము, ఉప్పు, నీళ్లు ఒక్కమారే గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టి పోవుట సహజమే. ఆమెను తప్పుపట్టరాదు. కాని దీనివలన శ్రమ తగ్గదు. కాయగూరలను గట్టిగా నిలుపు పెక్టిను అను పదార్థము పులుపులో త్వరగా కరగదు. అందుచే ముక్క ఎంతసేపుడికినను బిరుసు విడువదు. వంటచెరకో గ్యాసో వృథా యగును. టమాటాయు పులుపేయని మరువరాదు. కందిపప్పునకును ఇదే న్యాయము: పప్పు మెత్తబడిన పిదప దోసకాయముక్కలు, అవి యుడికిన పిదప పులుసు.

వంకాయకూరను ఇట్లు చేసి చూడుడు. అరకిలో లేత వంకాయలను తరిగిన వెంటనే ఉప్పునీటిలో వేయుడు. గాలి తగిలి నల్లబడకుండును. రెండు గరిటెల నూనెలో తాళింపు వేగిన పిదప, నీరు వార్చిన ముక్కలను వేసి, మూతపెట్టి సన్నని సెగను మగ్గనిండు. నీళ్లు పోయనక్కరలేదు, కాయలోని నీరే చాలును. నడుమ రెండుమూడు మార్లు కలిపినచో, తక్కిన వ్యవధిలో కండెలు చుట్టుకొనవచ్చును. గరిటెతో నొక్కగా ముక్క అణగినప్పుడు, చిన్న నిమ్మకాయంత చింతపండు చిక్కని రసము, కారము, రెండు చెంచాల వేయించిన నువ్వులపొడి చేర్చి, ఉప్పు రుచిచూచి వేసి, ఐదు నిమిషములుంచి దింపుడు.

బెండకాయలను కడిగి, తడి లేకుండ తుడిచిన పిదపనే తరుగవలయును. వేపుడులో ఉప్పు చివరకు వేయుడు. ముందే వేసినచో నీరూరి జిగురు సాగును.

ఆకుకూరలను మాత్రము కడిగిన పిదపనే తరుగుడు. తరిగి కడిగినను, ఉడికించిన నీటిని పారబోసినను, విటమిన్ సి మొదలగునవి నీటితో పోవును. మూతలేకుండ త్వరగా వండినచో పచ్చదనము నిలుచును. మెత్తబడుటకై వంటసోడా వేయుట మంచిది కాదు. రంగు నిలిచినను విటమినులు నశించును.

వీనిలో దేనికిని అదనపు వ్యయము లేదు. పులుపు వేయు వేళ నొక్కటి మార్చి ఒక వారము వండి చూడుడు. కూరపాత్ర అడుగు కనబడినచో, పిల్లలు మెచ్చిరనుటకు వేరు సాక్ష్యమక్కరలేదు.