పుస్తకం చదువుదాం, బాటి కాల్చుదాం: రెండూ టైంపాస్ కావు

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో రూములు తీసుకొని చదువుకుంటున్న మన తాండా పిల్లలకు ఇంటి నుంచి వచ్చే ఫోన్లల్ల రెండు మాటలు తప్పకుండా ఉంటయి. ఒకటి, "సిలబస్ పుస్తకాలే చదువు, వేరేవి ముట్టకు." రెండోది, "ఆదివారం దోస్తులను పిలిచి వంటలు చేసుకుంట కూసోకు, టైం ఖరాబు." వాళ్ల భయం మనకు తెలుసు. పత్తి అమ్మిన పైసలు, కూలికి పోయిన పైసలు రూం కిరాయి కింద వస్తున్నయి. అయినా ఈ రెండు మాటలతో నేను ఒప్పుకోను. నచ్చిన పుస్తకం చదువుడు, నలుగురికి వండిపెట్టుడు, ఈ రెండూ కూడా చదువే అంటాను.

ముందు పుస్తకం సంగతి. నేను చెప్పేది నాన్ ఫిక్షన్ గురించి. అంటే కథలు, నవలలు కాదు, నిజంగా జరిగిన సంగతులు రాసిన పుస్తకాలు. చరిత్ర, ఆత్మకథలు, ప్రయాణాలు, తిండి, పంట, ఏదైనా కావచ్చు. గ్రూప్స్ గైడ్ల 1871 క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒక బిట్ ఉంటది. 1952ల రద్దయిందని ఇంకో బిట్. రెండు బిట్లు, రెండు మార్కులు. అసువంటి చట్టాల కింద బంజారాల్లో కూడా ఎన్నో గుంపులకు నేరస్తుల ముద్ర వేసిన్రు. ఆ ముద్ర పడకముందు మనోళ్లు ఏం చేసి బతికిన్రో ఆ బిట్ చెప్పదు.

టావెర్నియే అని 17వ శతాబ్దంల గోల్కొండకు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి ఉన్నడు. తన ప్రయాణాల పుస్తకంల మన పూర్వీకుల బిడారుల గురించి రాసిండు. పది వేలు, పన్నెండు వేల ఎద్దులు ఒక్కసారే బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుంట పోతుంటే ఆశ్చర్యమేసిందట. ఇరుకు దారిల బిడారు ఎదురైతే అది దాటేదాకా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని కూడా రాసిండు. అప్పట్ల గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. ఇయ్యాల సూర్యాపేట, కోదాడ మీదుగ పోయే 65 నంబర్ హైవే కూడా మచిలీపట్నమే పోతది. ఆ రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇది గుర్తుకొస్తే నడుం కొంచెం నిటారుగ అయితది. ఏ కోచింగ్ సెంటరూ ఇది ఇవ్వదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. అందరి బియ్యం, అందరి ఉప్పు మోసినోళ్లం కదా, మరి ఆ బిడారుల్ల మన ఆడోళ్లు పొయ్యి మీద ఏం వండిన్రు? గిన్నెల ఏముండె? బయటినుంచి చూసినోడు ఎద్దులను లెక్కపెట్టిండు, గిన్నె మూత తియ్యలేదు. ఆ మూత తియ్యాల్సింది మనమే.

అందుకే వంట సంగతికి వస్తున్న. రూంల జొన్న బాటి చేసి దోస్తులకు పెట్టి చూడండి. గోధుమ పిండిల ఉండే జిగురు జొన్న పిండిల ఉండదు, అందుకే వేడి నీళ్లు పోసి పిసుకుతం. కర్రతో ఒత్తకుండ చేతితో తడుతం. పెనం మీద వేసినంక పైన తడి గుడ్డతో నీళ్లు అద్దుతం. "ఎందుకు?" అని పక్క రూం తమ్ముడు అడుగుతడు. చెప్పాలంటే ముందు మనకు తెలియాలె. దాదికి ఫోన్ చేస్తం. అట్ల ఒక రొట్టె మూడు తరాలను ఒక ఫోన్ల కూర్చోబెడతది.

కానీ సళోయి దగ్గరికి వచ్చేసరికి మన గొంతు తగ్గుతది. మేక నెత్తురు, లోపలి భాగాలతో వండే కూర. పెండ్లికీ పండుగకూ తాండల అదే గొప్ప విందు. కాలేజీల మాత్రం "మీరు ఏం తింటరు?" అంటే "చికెన్, మటన్" అని మాట మార్చేస్తం. కిటికీలు మూసి వండుకుంటం. ఓనర్ ఏమంటడో, పక్కోళ్లు ముక్కు మూసుకుంటరేమో అని. దేశాలు తిరిగొచ్చినోళ్లు ఇంగ్లండ్ల బ్లడ్ పుడింగ్ తిన్నమని ఫొటో పెడితే లైక్ కొడుతం. అదే నెత్తురు మన గిన్నెల ఉంటే సిగ్గుపడుతం. ఈ సిగ్గు మన నాలుకకు పుట్టలేదు, బయటోళ్ల చూపులకు భయపడి నేర్చుకున్నం.

ఈ సిగ్గును పుస్తకంతో కొట్టినోళ్లు ఉన్నరు. మరాఠ్వాడా కూడా 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. అక్కడి దళితుల తిండి మీద షాహు పాటోళే 2015ల మరాఠీల ఒక పుస్తకం రాసిండు, పేరు "అన్న హే అపూర్ణబ్రహ్మ". అన్నం పూర్ణబ్రహ్మ అని పెద్దోళ్లు అంటరు కదా, మా తిండి లెక్కల లేనప్పుడు అది అపూర్ణమే అని పేరులనే చెప్పిండు. 2024ల ఇంగ్లీషుల కూడా వచ్చింది. అంతకుముందు 2009లనే పుణె యూనివర్సిటీల షర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళితుల తిండి మీద ఒక పుస్తకం తెచ్చిన్రు. విద్యార్థులు అనే మాట గుర్తుపెట్టుకోండి. మన వయసోళ్లే.

"మేం రచయితలం కాదు కదా" అంటరా? మన సూర్యాపేట జిల్లా కర్విరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ "నా మాటే తుపాకీ తూటా" 2019ల వచ్చింది. ఆమె నోటితో చెప్పింది, వేరేవాళ్లు రాసిన్రు. సాయుధ పోరాటంల ఉన్న ఆడవాళ్ల మాటలతో 1986ల స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" కూడా అట్లనే తయారయింది. చెప్పేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు. మన దాదిలు చెప్తరు, రాయాల్సింది మనం.

తొందర ఎందుకంటే గిన్నెలు మారిపోతున్నయి. 1967ల నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన్రు. ఎడమ కాల్వ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరయింది. అన్నం దొరికింది, మంచిదే, కాదనను. కానీ జొన్న చేను పోయినచోట దానితో వండే వంటల పేర్లు కూడా పోతున్నయి. సీత్లా పండుగ గుగ్గిళ్లు ఎట్ల ఉడకబెట్టాలె, ఏ కూరాకు ఏ నెలల వస్తది, ఇవన్నీ దాదిల నోట్లనే ఉన్నయి. హైదరాబాద్ల జొన్న రొట్టె ఇప్పుడు షుగర్ ఉన్నోళ్ల హోటల్ ఐటం అయింది. రేపు దాని చరిత్ర కూడా ఆ హోటలోళ్లే చెప్తే మనం వినుకుంట కూసోవాల్నా?

కొందరు అంటరు, ముందు ఉద్యోగం, తర్వాత ఇవన్నీ అని. ఉద్యోగం కావాల్సిందే. కానీ రోజుకు పది పేజీలు, ఆదివారం ఒక పూట, దీనితో ఎవరి ర్యాంకూ పోదు. ఇంకొందరు, సేవాభాయా పేరున మాంసం మానేసినం అంటరు. వాళ్లను గౌరవిద్దాం. బాటి, గోంగూర, పప్పు, బెల్లం నెయ్యి కలిపిన చుర్మో, ఇవీ మన వంటలే. వాళ్ల గిన్నె వేరుగ పెడదాం, కూర్చునే చాప మాత్రం ఒకటే ఉండాలె.

నేను అడిగేది చిన్నది. ఆదివారం నలుగురు కలిసినప్పుడు ఒకరు పొయ్యి దగ్గర ఉంటే ఒకరు పది పేజీలు గట్టిగ చదవాలె. తర్వాత వారం మార్చుకోవాలె. మగపిల్లలకు ప్రత్యేకంగ చెప్తున్న: రూంల వండటం వచ్చినోళ్లకు ఇంటికి పోతే ఎందుకు రాకుండ పోతది? సెలవుల్ల యాడిని కూర్చోబెట్టి మీరు బాటి కాల్చండి. ఆమె చెప్తుంటే ఒక నోట్‌బుక్కుల రాసుకోండి. గోర్ బోలిల పేరు, తెలుగు అక్షరాలతో. ఎంత పిండి, చేరెడా సోలెడా, ఏ పండుగకు, ఎవరు నేర్పిన్రు.

ఒక్కో రూం నుంచి ఒక్కో నోట్‌బుక్కు వస్తే మూడు ఊర్ల నుంచి ఎన్ని వస్తయో మీరే లెక్కేసుకోండి. అవన్నీ ఒకచోట చేరిన రోజు అది కూడా నాన్ ఫిక్షనే, మనం రాసిన నాన్ ఫిక్షన్.