తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందా?

మా పెద్దనాన్న గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేశారు. రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఓ రోజు పొద్దున్నే జిల్లా ఎడిషన్లో ఆయన పేరొచ్చింది. పిల్లల స్కాలర్‌షిప్ డబ్బులు తిని సస్పెండైన టీచర్ల జాబితాలో! అసలు సస్పెండైంది వేరే మండలంలో అదే పేరున్న ఇంకొకాయన. వార్త రాసినతను పేరు చూసి, ఊరు మాత్రం మాది వేసేశాడు.

పెద్దనాన్న సస్పెన్షన్ ఆర్డరు కాపీ సంపాదించి విలేకరి దగ్గరికెళ్ళారు. అతను మర్యాదగానే మాట్లాడాడట. "మాష్టారూ, అది మీరు కాదని ఊళ్ళో అందరికీ తెలుసు కదండీ. సవరణ పంపితే డెస్కు వాళ్ళు నన్ను తీసేస్తారు. కావాలంటే మీ స్కూలు గురించి మంచి వార్త ఒకటి రాస్తానండీ" అన్నాడట.

సవరణ రాలేదు, ఆ మంచి వార్తా రాలేదు. ఊళ్ళో జనం మాత్రం "పేపర్లో వేశారంటే ఎంతో కొంత ఉండే ఉంటుందిలే" అనుకున్నారు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ మాటే. ఆ పేపరు మీద జనానికి నమ్మకం లేకపోయుంటే ఆయనకి ఏ నష్టమూ జరిగేది కాదు. మనం పెట్టుకున్న నమ్మకమే ఆయన్ని దెబ్బతీసింది.

ఇక మా ఫీల్డు సంగతి. ప్రొడక్షన్లో బగ్ రాని టీము ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మను. బగ్ వస్తే ఏం చేస్తాం? ఎప్పుడు మొదలైంది, ఎవరికి నష్టం జరిగింది, టెస్టింగులో ఎందుకు దొరకలేదు, మళ్ళీ రాకుండా ఏం చేశాం అని రాసి క్లయింటుకి పంపుతాం. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డు ఉంటుంది. అంతా అయ్యాక క్లయింటు మనల్ని నమ్మేది మనం తప్పు చేయమని కాదు, చేస్తే దాచమని.

పత్రికల్లో ఇది కుదరదని అనుకుంటే పొరపాటే. 2003లో న్యూయార్క్ టైమ్స్‌లో జేసన్ బ్లెయిర్ అనే కుర్ర రిపోర్టరు వెళ్ళని ఊళ్ళకి వెళ్ళినట్టు, మాట్లాడని మనుషులతో మాట్లాడినట్టు రాసి దొరికిపోయాడు. ఆ పత్రిక ఏం చేసింది? తన మీద తనే విచారణ జరిపించుకుంది. అతను అంతకు ముందు ఆరేడు నెలల్లో రాసిన 73 వార్తల్లో కనీసం 36 లోపాలున్నవని తేల్చి, 2003 మే 11న మొదటి పేజీలోనే మొదలుపెట్టి ఏడు వేల పైచిలుకు మాటల కథనం వేసింది. జూన్‌లో ఎగ్జిక్యూటివ్ ఎడిటరు, మేనేజింగ్ ఎడిటరు ఇద్దరూ రాజీనామా చేశారు. ఆ ఏడాది చివర్లో పాఠకుల తరఫున పత్రికనే ప్రశ్నించడానికి ఒక పబ్లిక్ ఎడిటర్ని పెట్టుకున్నారు. (2017లో ఆ పదవి ఎత్తేశారు, అది వేరే కథ.) మన దేశంలో 'ది హిందూ' కూడా 2006లో రీడర్స్ ఎడిటర్ని పెట్టి, సవరణలకి రోజూ ఓ చోటు కేటాయించింది.

మరి మన తెలుగులో? 2010 జనవరి 7 గుర్తుందా? వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయి అప్పటికి నాలుగు నెలలు. ఏదో విదేశీ వెబ్‌సైట్లో ఉన్న ఒక కుట్ర కథని పట్టుకుని ఒక చానెల్ మొదలుపెట్టింది, మిగతావి అందుకున్నాయి. ఆ రాసినవాడెవడు, వాడికెలా తెలుసు అని ఆరా తీయడానికి ఒక్క రోజు ఆగలేకపోయారు. ఆ రాత్రే చాలా ఊళ్ళలో రిలయన్స్ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. తర్వాత అరెస్టులు, ధర్నాలు, పత్రికా స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు. ఆ కథ ఎవరి చేతుల మీదుగా తెర మీదకొచ్చింది, ఎవరు ఓకే అన్నారు అని ఒక చానెలైనా జనానికి చెప్పుకున్నట్టు నాకు గుర్తు లేదు.

కాపలా ఉండాల్సిన వాళ్ళ సంగతీ అంతే. 2009 ఎన్నికల్లో డబ్బులు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా వేశారని గోల జరిగితే, ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి గార్లతో ఉపసంఘం వేసింది. వాళ్ళు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ 2010లో దాన్ని కుదించి, పేర్లు తీసేసి విడుదల చేసింది. పూర్తి నివేదిక బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సొచ్చింది. ప్రభుత్వ ఫైళ్ళు బయటపెట్టమని రోజూ అడిగే రంగం, తన ఫైలు దగ్గరికొచ్చేసరికి తాళం వేసుకుంది!

పోనీ శిక్షలున్నాయా అంటే, 1978 చట్టం ప్రకారం ప్రెస్ కౌన్సిల్ చేయగలిగింది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. టీవీలు దాని పరిధిలోనే లేవు. న్యూస్ చానెళ్ళు 2008లో తమకు తాముగా పెట్టుకున్న సంస్థ వేసే జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలకి మించేది కాదు. అది ఏ మూలకీ సరిపోదని 2023లో సుప్రీంకోర్టే అంది.

అయితే చట్టం గట్టిపడితే అంతా బాగైపోతుందని నేను అనుకోవడం లేదు. ఆ కర్ర ప్రభుత్వం చేతికిస్తే ముందు దెబ్బలు పడేది నిజం రాసేవాళ్ళకే. నా దృష్టిలో అసలు గొడవ వేరే ఉంది. మన దగ్గర తప్పు బయటపడితే పోయేది మండలంలో ఉండే చిన్న విలేకరి ఉద్యోగం. చాలామందికి సరైన జీతముండదు, పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. అలాంటప్పుడు అతను సవరణ ఎందుకు పంపుతాడు? న్యూయార్క్‌లో రిపోర్టరుతో పాటు పైనున్న ఎడిటర్లు కూడా వెళ్ళిపోయారు. తేడా అక్కడుంది. తప్పు చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి క్షేమం అయితే ఏ ఆఫీసులోనైనా తప్పులు దాక్కుంటాయి, మా ఆఫీసులో అయినా సరే.

అందుకే నేను అడిగేవి చిన్నవే. తప్పు ఏ పేజీలో వేశారో సవరణ అదే పేజీలో వేయండి. వెబ్‌సైట్లో వార్త మారిస్తే ఏం మార్చారో కింద రాయండి, గుట్టుగా హెడ్డింగ్ మార్చేసి ఊరుకోవద్దు. డబ్బులు తీసుకుని వేసినదానికి ప్రకటన అని పెద్దక్షరాల్లో పెట్టండి. ఫిర్యాదు చేయడానికి ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. వీటికి కోట్లు ఖర్చు కావు.

పెద్దనాన్న రిటైరై చాలా ఏళ్ళయింది. ఆ ఆర్డరు కాపీ ఇంకా బీరువాలోనే ఉంది, ఎవరైనా అడిగితే చూపిద్దామని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. విచిత్రమేంటంటే, ఇప్పటికీ ఆయన తెప్పించుకునేది ఆ పేపరే. "ఎందుకు పెద్దనాన్నా?" అంటే, "మిగతావి మాత్రం వేస్తాయా ఏంటిరా?" అంటారు.

మీరు చదివే పేపర్లో "నిన్న మేం వేసింది తప్పు" అన్న మాట చివరిసారి ఎప్పుడు చూశారు?