కలకత్తా పేరిట కలవారి జూదము

జూదమునకు దారిద్ర్యమే తల్లి యని తలచువారు ధనికుల క్రీడామందిరముల లోపలి సంగతులెరుగరు. చావడి యరుగుపై నలుగురు కూలివాండ్రు పేకముక్కలు పరచిన నది నేరము. పోలీసువారు వత్తురు, ముక్కలను, చిల్లరను, మనుష్యులను కూడ నొక్కటిగ పట్టుకొని పోదురు. పచ్చికబయళ్ల నడుమ, విందు ముగిసిన పిదప, దీపకాంతులలో పెద్దమనుష్యులు తోడి పెద్దమనుష్యులను వేలమువేసి పందెమొడ్డిన నది మాత్రము వినోదము! అరుగుపై పాపమైనది అంతఃశాలలో ఆచారమెట్లగును?

అమెరికాలోని ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బులకు ఈ వేలము చిరపరిచితము. పోటీకి ముందటి రాత్రి సభ్యులు కూడుదురు. ఆడబోవు వారిని, లేక జంటలను, ఒక్కొక్కటిగ పేరుపెట్టి పిలిచి వేలము వేయుదురు. హెచ్చుపాట పాడినవాడు ఆ యాటగానికి యజమాని యగును. పాటల సొమ్మంతయు నొక్క రాశిగ పోయుదురు. ఆట ముగిసినంతనే ఆ రాశిలో పెద్దపాలు గెలిచినవాని యజమానికిని, తక్కిన పాళ్లు తరువాతి స్థానములవారి యజమానులకును చేరును. పెక్కుచోట్ల ఆటగాడు తనపై తానే కొంత పాలు కొనుక్కొనవచ్చును. ఒక్క దెబ్బయు కొట్టనివాడు లాభము గొనును. కొట్టువాడు వాని సరకగును.

ఈ వేలమునకు వారు పెట్టిన పేరేమి? 'కలకత్తా'! ఆ నగరమందలి దొరల పందెముల నుండియే యీ పేరు పుట్టినదని చెప్పుదురు. ఇంగ్లండులోని డెర్బీ గుర్రపు పందెముపై కలకత్తా టర్ఫ్ క్లబ్బువారు నడపిన లాటరీ ఒకప్పుడు లోకప్రసిద్ధి గాంచినది. 1829లో స్థాపితమైన గోల్ఫ్ క్లబ్బును అచ్చటనే కలదు. రామమోహనుడు సంస్కారమునకై పోరాడిన నగరమది. విద్యాసాగరుడు విధవల కన్నీరు తుడిచిన నగరమది. వివేకానందుడు పుట్టిన నగరమది. అట్టి నగరము పేరు విదేశపు విందుశాలలో జూదమునకు మారుపేరై నిలిచినది. నగరము 2001లో తన పేరును కోల్‌కతాగ దిద్దుకొన్నది. జూదరుల నోట పాతపేరు చెక్కుచెదరలేదు.

అయితే మనము నిర్దోషులమని యెవరును గర్వింప పనిలేదు. ప్రాణము లేని పాచికలతో నాడునది ద్యూతమనియు, ప్రాణముగల వానిపై నొడ్డునది సమాహ్వయమనియు మనుస్మృతి యెన్నడో విభజించి, రెంటిని నిషేధించినది. పలనాటిలో కోడిపోరు రాజ్యములను కూల్చిన కథ ఆంధ్రులకు క్రొత్తది కాదు. నేటికిని గోదావరి సీమలో సంక్రాంతి వచ్చిన కోళ్ల కాళ్లకు కత్తులు కట్టుచున్నారు. మనవారు కోళ్లపై నొడ్డిరి. ఈ వేలమువారు మనుష్యులపై నొడ్డుచున్నారు. నాగరికత హెచ్చిన కొలది సమాహ్వయమును హెచ్చినది కాబోలు!

ఈ జూదము గోల్ఫునకు చేయు ద్రోహమును గ్రహింపవలెనన్న ఆ యాట ధర్మము తెలియవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. నేర్పరికిని అల్పజ్ఞునికిని సమముగ పోటీ కుదురుటకై, నేర్పు తక్కువవానికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కింతురు. ఈ తగ్గింపునకే హాండీకాప్ అని పేరు. 18 తగ్గింపుగలవాడు 90 దెబ్బలలో ముగించిన 72 దెబ్బలుగ గణింతురు. ఆ తగ్గింపును నిర్ణయించునది ఆటగాడు తాను పూర్వమాడిన ఆటలను గూర్చి తానే చెప్పిన లెక్క. అనగా హాండీకాప్ అంకెరూపమెత్తిన నమ్మకము. ప్రతి బంతి వెంట న్యాయాధిపతి నడువని యాట ఇది. అంతరాత్మయే అచ్చట న్యాయాధిపతి.

ఇట్టి నమ్మకముపై వేలముపాటను తెచ్చి నిలిపిన ఫలమేమి? న్యూయార్కు చెంత లాంగ్ ఐలండులోని డీప్‌డేల్ క్లబ్బు 1955లో దానిని లోకమునకు చూపినది. నిజముగ 3 తగ్గింపునకే అర్హులైన ఇరువురు ఆటగాండ్రు 17, 18 అని దొంగలెక్క చూపి పోటీలో ప్రవేశించిరి, గెలిచిరి. వేలపు రాశి 45,000 డాలర్లు. ఆ జంటపై వచ్చిన సొమ్ము 16,000 డాలర్లకు పైబడినది. గుట్టు బయటపడెను, పత్రికలు ఘోషించెను. పిదప అమెరికా గోల్ఫ్ సంఘము ఇట్టి వేలములను బాహాటముగ ఖండించినది. ఒకరినొకరు ఎరిగిన ఆటగాండ్రు తమలో తాము స్వల్పముగ ఒడ్డుకొనుట వేరు, వ్యవస్థగ నడచు జూదము వేరు అని ఆ సంఘము గీచిన గీత సరియైనది. మిత్రులు కాఫీకి పందెము వేసుకొన్న మాకును ఆక్షేపణ లేదు.

ఇద్దరు మోసగాండ్రు చేసిన పనికి ఆచారమును నిందింపనేల యని కొందరందురు. వారికి మా ప్రత్యుత్తరమిది. మనుష్యుడు స్వభావముచే తన నేర్పును హెచ్చుగ చెప్పుకొనును. తాను తక్కువవాడనని తానై వ్రాయించుకొనుటకు మూల్యము కావలెను. ఆ మూల్యమును సమకూర్చుచున్నది వేలమే. మోసము ఈ ఆచారమునకు తగిలిన తెగులు కాదు. అది ఆ చెట్టుకు కాయవలసిన కాయయే. 2020 నుండి ప్రపంచమంతటికి ఒకే హాండీకాప్ పద్ధతి వచ్చినది. కడపటి 20 ఆటలలో మేలైన 8 ఆటలను తీసి యంత్రము తగ్గింపును గణించుచున్నది. యంత్రము కూడిక చేయగలదు. కావలెనని చెడగొట్టిన ఆటను మంచి ఆటగ మార్చగలదా?

మా సొమ్ము, మా ఇష్టమని మరికొందరి వాదము. సొమ్ము మీదే కావచ్చును, పోటీ అందరిది. పందెము వేయని సభ్యుడు సైతము దొంగలెక్కవానితోనే ఆడి యోడవలసియున్నది. వేలములో కొంతభాగము ధర్మకార్యములకు పోవునని ఇంకొక వాదము. దానము చేయదలచినవాడు చేయి చాచి ఇచ్చును గాని, తోడివాని మెడపై వెలచీటి కట్టి ఇచ్చునా? ఇది నైపుణ్యపు ఆటయే యనువారును కలరు. నైపుణ్యము ఆడువానిది, పాట పాడినవానిది కాదు.

న్యాయస్థానముల మాట రానిండు. రమ్మీ ప్రధానముగ నైపుణ్యపు ఆట యని సుప్రీంకోర్టు 1967లో సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యములో తీర్పు చెప్పినది. అయినను ఆ పందెముల వలన క్లబ్బు లాభము గొన్న నేరము కావచ్చునని ఆ తీర్పే హెచ్చరించినది. గుర్రపు పందెములును నైపుణ్యమునకే చెందునని 1996లో అదే న్యాయస్థానము పలికినది. 2025లో పార్లమెంటు ఆన్‌లైన్ సొమ్ముటాటలను నిషేధించుచు శాసనము చేసినది. శాసనపు జల్లెడ రంధ్రములలో ఏది జారిపోవునో న్యాయవాదులు తేల్చుకొందురు గాక. శాసనమునకు చిక్కనిదెల్ల ధర్మమని మేమొప్పము. చేతిఫోనులో పందెము కాయు పేద యువకునికి ఒక నీతి, విందుబల్లయొద్ద పాట పాడు ధనికునికి వేరొక నీతి యన్న, ఆ నీతిని లోకమేల గౌరవించును?

కౌటిల్యుడు జూదమును దాచిపెట్టి సాగనీయలేదు. దానికొక అధ్యక్షుని నియమించి, గెలుపులో నూటికి 5 వంతులు రాజునకు చెల్లింపుమనెను. ప్రైవేటు క్లబ్బులో అధ్యక్షుడెవడు? సభ్యుడే పాటగాడు, సభ్యుడే ఆటగాడు, తగవు వచ్చిన తీర్పరియు సభ్యుడే! కురుసభలో పెద్దలకు కొదువ లేదు, భీష్ముడుండెను, ద్రోణుడుండెను. పాచికలకన్న వారి మౌనమే కులమును దహించినది. క్లబ్బుల కార్యవర్గములు ఈ మాట మరువరాదు.

మన దేశమునను గోల్ఫు మైదానములు కలవు. విశాఖ తీరమున కలదు. గోల్కొండ కోటను అంటి నయా ఖిలాలో కలదు. ఆటను మేము ద్వేషింపము. ఆచారము అడుగిడకముందే తలుపు మూయుట సులభము. వేళ్లూనిన పిదప కష్టము. ఆటగాండ్ర వేలము నిషిద్ధమని ప్రతి క్లబ్బును తన నిబంధనలలో స్పష్టముగ వ్రాసికొనవలెను. పోటీకి ముందే ప్రతివాని తగ్గింపును గోడపై ప్రకటింపవలెను. చందాలు కావలసిన రసీదిచ్చి పట్టపగలు వసూలు చేయవలెను. గెలిచినవానికి బంగారు గిన్నె యీయుడు, పూలమాల వేయుడు. మనుష్యుని మాత్రము వేలము వేయకుడు.