తాతగారి గొలుసు గడియారం

పెద్దవాళ్లు పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే, మేళ్లచెరువు లాంటి ఊళ్ల పాత ఇళ్లలో పట్టా కాగితాల కింద ఒక్కోసారి గుడ్డలో చుట్టిన గొలుసు గడియారం బయటపడుతుంది. వాటాల దగ్గర దాన్నెవరూ పట్టించుకోరు. చివరికి ‘వెండే కదా’ అని తూకానికి వేసేస్తారు. పైడొల్ల కరిగిపోతుంది, లోపలి యంత్రం చెత్తలోకి పోతుంది. చేతికొచ్చేది నాలుగు డబ్బులు.

అమ్మే ముందు ఒక్కసారి వెనక మూత తీయించి చూడండి. డయలు మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, బొంబాయి అని ఉన్నా ఆ యంత్రం పుట్టిల్లు స్విట్జర్లాండే. మూత లోపల 0.800, 0.925, 0.935 అంకెల్లో ఏదో ఒకటి ఉంటే సాధారణంగా వెండి. పచ్చగా మెరుస్తూ ‘20 ఏళ్ల గ్యారంటీ’ అని ఇంగ్లిషులో ఉంటే మాత్రం మురిసిపోవద్దు. ఆ గ్యారంటీ గడియారానికి కాదు, పైనున్న బంగారు రేకుకి! అంటే గట్టి బంగారం కాదన్నమాట. వాల్తమ్, ఎల్జిన్ లాంటి అమెరికా గడియారాలైతే యంత్రం మీది నంబరును బట్టి తయారైన ఏడాది దాదాపుగా తెలిసిపోతుంది. డొల్ల మీది నంబరు దీనికి పనికిరాదు. పైన తిప్పే గుండీ లేకుండా తాళంచెవితో కీ ఇచ్చే రకమైతే సాధారణంగా ఇంకా పాతది.

దొరకగానే కీ ఇచ్చి చూడాలని ఎవరికైనా చేతులు ఉబలాటపడతాయి. ఆగండి. ఏళ్ల తరబడి మూలపడ్డ గడియారంలో నూనె జిగురుకట్టి ఉంటుంది. అలాగే నడిపితే ఇరుసులు అరుగుతాయి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె చుక్క వేయడం మరీ ప్రమాదం. పాత గడియారాలు విప్పడం తెలిసినవాళ్లతోనే శుభ్రం చేయించాలి. చింతపండుతో తోమితే నలుపుతో పాటు చెక్కిన గుర్తులూ పోతాయి. మేళ్లచెరువు అసలే సిమెంటు ఫ్యాక్టరీల ఊరు, మూత పదే పదే తెరిస్తే దుమ్ముకు దారి ఇచ్చినట్టే.

బాగుచేయించాక రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి. బిగుసుకోగానే ఆపేయాలి. పిల్లల చెవి దగ్గర పెట్టండి. చాలావాటిలో సెకనుకు ఐదు టిక్కులు... లెక్కపెట్టబోయి ఓడిపోతారు!

2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీజీ జెనిత్ జేబుగడియారం, కళ్లజోడు, చెప్పులు, కంచం, గిన్నె కలిపి 18 లక్షల డాలర్లకు వేలంలో పోయాయి. ఆ ధర గడియారానిది కాదు, మనిషిది. మీ గడియారానికి అంత రాదు గానీ, అది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఏ పెళ్లిలో పెట్టారు అన్నది ఇంట్లో నాయనమ్మకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారమే అడిగి, ఒక కాగితం మీద రాసి పెట్టెలో గడియారంతో పాటే పెట్టండి.