రైతుకు పరదా, కంపెనీకి గోదామా?

యాసంగి వడ్లు కోతకొచ్చిన ప్రతిసారీ జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో ఒకటే గోస. కొనుగోలు కేంద్రం ముందు వడ్ల కుప్పలు. మొగులు నల్లబడితే పరదాల కోసం ఉరుకులు. గాలిదుమారం లేస్తే పరదా ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి రాత్రంతా కావలి. నెలల కష్టం అర్ధగంట వానకు తడిసి మొలకెత్తుతుంది. తేమ పేరుతో, తాలు పేరుతో కోతలు వేరే!

పట్నం చుట్టూ మేడ్చల్, శంషాబాద్ దిక్కు పోయి చూడండి. కొండల్లాంటి రేకుల షెడ్లు. లోపల సెల్‌ఫోన్లు, చెప్పులు, షాంపూలు. ఫ్లిప్‌కార్ట్ మేడ్చల్ దగ్గర, అమెజాన్ శంషాబాద్‌లో లక్షల చదరపు అడుగుల్లో గోదాములు పెట్టుకున్నాయి. ఒక్క చినుకు పడదు ఆ సరుకు మీద. సబ్బుబిళ్లకు దొరికిన నీడ వడ్లగింజకు ఎందుకు దొరకదు? మేము అడిగేది ఇదే.

గోదాములే వద్దని మేము అనడం లేదు. రాష్ట్రం వచ్చాక నాబార్డు అప్పుతో మార్కెటింగ్ శాఖ వందల గోదాములు కట్టిన మాట నిజం. అయినా కల్లంలో వడ్లు తడుస్తూనే ఉన్నాయి. యార్డులో సరుకు పెట్టి దాని మీద అప్పు తీసుకునే పథకం ఉంది. చేనుకు దగ్గర్లో గోదామే లేని రైతుకు ఆ పథకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

సర్కారు ఎవరి దిక్కు ఉందో కాగితాలే చెబుతాయి. 2017 నవంబరులో కేంద్రం గోదాములకు మౌలిక సదుపాయాల హోదా ఇచ్చింది. షరతు ఏమిటో తెలుసా? కనీసం 25 కోట్ల పెట్టుబడి, లక్ష చదరపు అడుగుల జాగా. ఆ కొలత మన ఊరి సహకార సంఘం కట్టుకునే చిన్న షెడ్డుకు అందేది కాదు. అదే 2017లో మన రాష్ట్రం భూసేకరణ చట్టాన్ని సవరించుకుంది. మౌలిక సదుపాయాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. దారి ఎవరి కోసం వేశారో అర్థమవుతుంది. 2008లో తెచ్చిన పథకం కింద ప్రైవేటు గోదాం యజమానికి ఎఫ్‌సీఐ పదేళ్ల కిరాయికి హామీ ఇచ్చింది. గోడలకు పదేళ్ల హామీ ఉంది. రైతు పంటకు మాత్రం మద్దతు ధర చట్టబద్ధం కాలేదు!

సరుకు దాచుకోలేని రైతు గతి ఏమిటో మానుకోట మిర్చి రైతును అడగాలె. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. ఆ కేసులో అరెస్టయిన రైతులను బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ధర వచ్చేదాకా ఆగగలిగేది శీతల గిడ్డంగి కిరాయి కట్టగలిగిన వాడే. అప్పు మీద సాగుచేసిన వాడు ఆ రోజే అమ్ముకుని ఇంటికి పోవాలె.

కొలువులొస్తాయని చెబుతారు. భూపాలపల్లిని చూసి మాట్లాడండి. భూములు ఓపెన్‌కాస్టుల పాలయ్యాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికులు ఈనాడు నలభై వేల దగ్గరికి వచ్చారు. మిగిలిన పని కాంట్రాక్టు కూలీలది. గోదాం కొలువు అంతకన్నా ఘనమా? 2024 మేలో హర్యానాలోని మానేసర్ అమెజాన్ గోదాములో, టార్గెట్ పూర్తయ్యేదాకా నీళ్లకు, మూత్రానికి కూడా పోమని కార్మికులతో ప్రమాణం చేయించారన్న వార్త దేశమంతా పాకింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. డిగ్రీ చదివిన మన బిడ్డలకు ఇదేనా భవిష్యత్తు?

రోడ్డు మంచిగున్న చోటికే కంపెనీ గోదాం వస్తుంది. హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి జనగామ మీదుగానే పోతుంది. అందుకే ముందే మేలుకోవాలె. 2022లో వరంగల్ రింగు రోడ్డు చుట్టూ భూసమీకరణ పేరుతో 80ఏ జీవో తెచ్చారు. వరంగల్, హన్మకొండ, జనగామ జిల్లాల్లోని 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా గురిపెట్టారు. రైతులు రోడ్డెక్కారు. సర్కారు ఆ జీవోను వెనక్కి తీసుకోక తప్పలేదు. కొట్లాడితే భూమి నిలుస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలె?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కొట్లాడింది నాలుగెకరాల కోసం, ఆ నేల పండించిన గింజ కోసం. దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోను వస్తే సంఘం వాళ్లు ఆ వడ్లను ఆమె ఇంటికి చేర్చారు. పంట ఎవరి కొట్టంలోకి పోవాలన్నది ఆనాటి కొట్లాట. ఈనాటిదీ అదే.

సకల జనుల సమ్మెలో 42 రోజులు రోడ్ల మీద నిలబడ్డ వాళ్లం మనం. విద్యార్థులారా, ఉద్యోగులారా! ఊరూరా ఈ మాట అడగండి. గ్రామసభ ఒప్పుకోకుండా ఎకరం కూడా కదలొద్దు. సామాజిక ప్రభావ అంచనా లేకుండా భూమి ఇవ్వొద్దు. స్థానికులకు పర్మినెంటు కొలువులు రాతపూర్వకంగా కావాలె. అన్నిటికన్నా ముందు ప్రతి మండలంలో సహకార గోదాం, మిర్చి పండే చోట సర్కారీ శీతల గిడ్డంగి కట్టాలె.

ముందు గింజకు నీడ! ఆ తర్వాతే కంపెనీకి నేల!