ఆసిఫాబాద్ 67 రోజులు ఎవరికీ గుర్తుకు రావేం?

అత్యాచారం వార్త వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చల్లోనూ, చట్టసభల్లోనూ ఒకటే మాట వినబడుతోంది: కోర్టుకెళితే ఏళ్లు పడుతుంది, కాల్చి పారేయాలి. చదువుకున్నవాళ్లు, చట్టం చేయాల్సినవాళ్లు కూడా ఇదే అంటున్నారు. ఈ మాట తప్పని తేల్చిన తీర్పు మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే వచ్చింది. మంచిర్యాలలో బస్సెక్కితే ఆసిఫాబాద్ ఎంత దూరమని? అయినా మనవాళ్లే దాని ఊసెత్తరు.

2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి సరుకు అమ్ముకుని బతికే దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. పోలీసులు ఆమెకు ‘సమత’ అని పేరు పెట్టారు. డిసెంబర్ 14న ఛార్జిషీటు వేశారు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. నిందితుల తరఫున వాదించబోమని స్థానిక న్యాయవాదులంటే, కోర్టే ఒక న్యాయవాదిని నియమించి విచారణ నడిపింది. 2020 జనవరి 30న తీర్పు: ముగ్గురూ దోషులే. నేరం జరిగిన నాటి నుంచి 67 రోజులు.

వాళ్లకు ఉరిశిక్ష విధించారు. నాకు ఉరిశిక్ష మీద నమ్మకం లేదు, అది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. సాక్షులు బోనెక్కారు, ఆధారాలు కోర్టు ముందుకొచ్చాయి, నిందితులకు వకీలు ఉన్నాడు, అన్నీ అయ్యి 67 రోజులే పట్టింది.

ఎల్లాపటార్ ఘటన జరిగిన మూడు రోజులకే శంషాబాద్ దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య ఘటన. ఆ రాత్రి బిడ్డ ఇంటికి రాలేదని కుటుంబం పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తితే, ఇది మా పరిధి కాదంటూ తిప్పారు. ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోని ప్రభుత్వోద్యోగికి జైలుశిక్ష విధించే 166-ఏ సెక్షన్ 2013లోనే చట్టంలో చేరింది. ఆ రాత్రి స్టేషన్‌లో ఎవరు ఏం చేశారన్నది రాష్ట్రమంతా అడగాల్సిన ప్రశ్న. తొమ్మిది రోజులు తిరిగేసరికి, డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు తూటాలకు చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూల కింద ప్రశ్న సమాధి అయిపోయింది.

ఆ తర్వాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పింది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. 2022 మేలో నివేదిక బయటికొచ్చింది. పూలు చల్లినవాళ్లలో ఎంతమంది దాన్ని చదివారు?

ఒకే రాష్ట్రం, ఒకే పోలీసు శాఖ, ఒకే వారం. ఒక కేసులో 67 రోజుల్లో తీర్పు వచ్చింది. రెండో కేసులో విచారణే జరగలేదు. రెండో దాన్ని న్యాయమని పండగ చేసుకున్నాం, మొదటిదాన్ని మరిచిపోయాం. సమత దళిత మహిళ కావడం, రాజధానికి దూరంగా చనిపోవడం ఆ మరుపుకు కారణం కాదని నేను అనలేను.

తొందరపాటు విచారణలో నిందితుడికి అన్యాయం జరగదా అని అడిగేవాళ్లున్నారు. జరగొచ్చు. అందుకే పై కోర్టులున్నాయి. చటాన్‌పల్లిలో చనిపోయినవాళ్ల విషయంలో సరిదిద్దడానికి ఏమీ మిగల్లేదు.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ డిసెంబర్‌లోనే 21 పనిదినాల్లో తీర్పు ఇవ్వాలంటూ దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆసిఫాబాద్ కేసుకు మాత్రం కొత్త చట్టం అవసరం పడలేదు. ఉన్న చట్టంతోనే, ఉన్న పోలీసులతోనే 67 రోజుల్లో అయిపోయింది. ఎందుకంటే ప్రభుత్వం అక్కడ తన పని తాను చేసింది.

ప్రభుత్వం ఆ పని చేయకపోతే ఏమవుతుందో వాకపల్లి చూపించింది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు, కూంబింగ్‌కొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. వాళ్లకు ఆ పోలీసుల పేర్లు తెలియవు. మొహాలు తెలుసు. ఇలాంటి కేసులో చేయాల్సిన మొదటి పని గుర్తింపు పరేడ్. అనుమానితులను అదే పోలికలున్న ఇతరులతో కలిపి వరసగా నిలబెడతారు, మేజిస్ట్రేట్ సమక్షంలో బాధితురాలు వేలు చూపిస్తుంది. అది జరగనే లేదు. కేసు హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ తిరిగింది. 2017లో సుప్రీంకోర్టు ఆదేశించాక గానీ విచారణ మొదలుకాలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయకపోవడమే కారణమని చెప్పి, దర్యాప్తు అధికారిపై చర్యకు సిఫారసు చేసింది. మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లు దాటిన ఆ పోరాటంలో అప్పటికే కొందరు చనిపోయారు.

అక్కడ 67 రోజులు, ఇక్కడ పదిహేనేళ్లు. తేడా కోర్టుల్లో లేదు. నిందితులు మామూలు మనుషులైతే దర్యాప్తు పరుగెత్తింది. నిందితులు యూనిఫాం వేసుకుంటే దర్యాప్తుకు కాళ్లు రాలేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. మన ప్రాణహితకు అవతల గడ్చిరోలి ప్రాంతంలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లోనే 1972లో మథుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగింది. ఒంటిపై గాయాల్లేవు, అరిచిన ఆనవాళ్లు లేవు అంటూ సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు కానిస్టేబుళ్లను వదిలేసింది. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, మరో ఇద్దరు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది, 1983లో చట్టం మారింది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టు కాదని 2013లో స్పష్టంగా రాసుకున్నాం. నేర నిర్వచనం మారింది. స్టేషన్‌లో ఫైలు కదిలే పద్ధతి మారలేదు.

మరి ప్రభుత్వ బాధ్యత సంగతి? హౌరా స్టేషన్‌లో రైల్వే ఉద్యోగులు ఒక బంగ్లాదేశ్ మహిళపై చేసిన అత్యాచారానికి రైల్వే శాఖే బాధ్యత వహించాలని, రూ. 10 లక్షలు చెల్లించాలని 2000లో సుప్రీంకోర్టు చంద్రిమా దాస్ కేసులో చెప్పింది. ఉద్యోగి చేసిన నేరానికి ప్రభుత్వం జవాబు చెప్పాలన్న సూత్రం మనకు పాతికేళ్లుగా ఉంది. దాన్ని వాకపల్లి దాకా ఎందుకు తేలేకపోయాం? పరిహారం డబ్బు ప్రజల ఖజానాదే. గుర్తింపు పరేడ్ పెట్టని అధికారి జేబు నుంచి పోయేది ఏమీ లేదు.

కోర్టుల మీద విరుచుకుపడే మంత్రులను, నాయకులను ఇప్పుడు అడగాల్సింది వేరే. ఫిర్యాదు తీసుకోని పోలీసులపై మీ రాష్ట్రంలో ఎన్ని కేసులు పెట్టారు? ఆ పాత 166-ఏ సెక్షనే భారతీయ న్యాయ సంహితలో 199గా వచ్చింది, కనీసం ఆరు నెలల జైలు. సిర్పూర్కర్ కమిషన్ పేర్కొన్న 10 మందిపై విచారణకు మీరు మద్దతిస్తారా? పరేడ్ పెట్టనందుకు, సాక్ష్యం పోగొట్టినందుకు ఒక్క అధికారి జీతమైనా ఆగాలని అంటారా? వీటికి జవాబు చెప్పకుండా ఎన్‌కౌంటర్ కావాలని అరిచేవాళ్లెవరూ ఆడబిడ్డల పక్షాన లేరు. వాళ్లు ఫిర్యాదు తీసుకోని ఎస్సై పక్షాన, పరేడ్ పెట్టని దర్యాప్తు అధికారి పక్షాన ఉన్నారు.